పైకప్పు ఊరిది... ఆట ఎవరిది?

సియాటెల్ నగరపాలక సంస్థ సొంత ఇండోర్ స్టేడియం ఆరు దశాబ్దాల కథ

సియాటెల్‌లో కొడుకో కూతురో ఉన్న తెలుగు ఇళ్లలో ఒక ఫొటో తప్పకుండా కనిపిస్తుంది. అమ్మ చీర మీద స్వెటర్, నాన్న నెత్తిన ఉన్ని టోపీ, వెనకాల సన్నగా ఆకాశంలోకి లేచిన స్పేస్ నీడిల్. 605 అడుగుల ఆ స్తంభమే ఆ ఊరికి గుర్తు. ఫోన్ కాస్త పక్కకు తిప్పితే నాలుగు వైపులా వాలిన పెంకుటింటి కప్పులాంటి ఓ వెడల్పాటి కట్టడం కూడా ఫొటోలో పడేది. ఎవరూ తిప్పరు.

తమాషా ఏమిటంటే, ఊరంతా తనదనుకునే స్పేస్ నీడిల్ ప్రైవేటు ఆస్తి. పైకి వెళ్లడానికి మనం కొనే టికెట్టు డబ్బు ఓ కంపెనీ ఖాతాలో పడుతుంది. ఎవరి కంటా ఆనని ఆ వాలుకప్పు మాత్రం అచ్చంగా నగరానిది. దాని కింద బీటిల్స్ పాడారు. బాస్కెట్‌బాల్ ఆడారు, మంచు హాకీ ఆడారు, వీడియో గేములాడి కోట్ల డాలర్లు గెలిచారు. నాలుగు రోజులపాటు పళ్లు కూడా పీకించుకున్నారు! మూడు పేర్లు మారాయి. రెండుసార్లు లోపలిదంతా తవ్వేసి కొత్తగా కట్టారు. కప్పు మాత్రం అక్కడే ఉంది, నగరం చేతికొచ్చాక యజమాని కూడా మారలేదు. అయితే కప్పు చేతిలో ఉన్నంత మాత్రాన కప్పు కింది ఆట కూడా చేతిలో ఉంటుందా అన్నది ఆ ఊరికి చాలా ఖరీదుగా తెలిసొచ్చింది.

ఆరు నెలల ముచ్చటకు కట్టింది

1962 ఏప్రిల్ 21 నుంచి అక్టోబరు 21 వరకు సియాటెల్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. రాబోయే శతాబ్దం ఎలా ఉంటుందో చూపిస్తామన్నది దాని ఊరింపు. దాదాపు కోటి మంది వచ్చి చూశారు. ప్రదర్శనకు ప్రధాన వాస్తుశిల్పి పాల్ థైరీ. వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఆయన కట్టిన మంటపమే ఈ కథానాయకుడు. లోపల ఎక్కడా స్తంభం అడ్డు రాకూడదన్నది ఆయన పట్టుదల. నాలుగు పక్కలా భారీ కాంక్రీటు ఊతాలు నిలిపి, బరువంతా వాటి మీదికి తోసి, నడిమి భాగాన్ని పూర్తిగా ఖాళీగా వదిలారు.

ఆ ఖాళీలో 1962లో పెట్టింది ‘రేపటి ప్రపంచం’ అనే ప్రదర్శన. జనాన్ని అందులోకి మోసుకెళ్లింది బబులేటర్ అనే పారదర్శకమైన బుడగ లిఫ్టు. (ప్రదర్శన ముగిశాక ఆ బుడగ చాలాకాలం పక్క భవనంలో పనిచేసి, చివరికి ఎవరింటి దగ్గరో మొక్కలు పెంచే గదిగా స్థిరపడింది. రేపటి ప్రపంచానికి అంతకన్నా మంచి గతి ఏముంటుంది!)

ఇలాంటి ప్రదర్శనల కోసం కట్టిన భవనాలను తర్వాత కూల్చేయడమే రివాజు. థైరీ మంటపాన్ని మాత్రం తర్వాత ఆటల ప్రాంగణంగా మార్చాలన్న ఉద్దేశంతోనే గీశారు. అలా నగరం చేతికొచ్చి సియాటెల్ సెంటర్ కొలీజియం అయింది. 1964లోనూ 1966లోనూ బీటిల్స్ వచ్చి పాడి వెళ్లారు. 1967లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే జట్టు సూపర్‌సోనిక్స్ వచ్చి చేరింది. విమానాలు కట్టే ఊరు కాబట్టి జట్టుకు ఆ పేరు. ఊరి జనానికి ముద్దుగా ‘సోనిక్స్’.

ఇంట్లో ఆటకు వాన అడ్డం

వాన వల్ల క్రికెట్ ఆగడం మనకు కొత్త కాదు. బాస్కెట్‌బాల్ ఆగడం విన్నారా? 1986 జనవరి 5న సోనిక్స్‌కూ ఫీనిక్స్ సన్స్‌కూ ఆట జరుగుతోంది. బయట సియాటెల్ మార్కు ముసురు. చూరు నుంచి కాదు, నేరుగా కోర్టు మీదికే చినుకులు రాలుతున్నాయి. ఆట ఆగినప్పుడల్లా కుర్రాళ్లు తువ్వాళ్లతో తుడుస్తున్నారు. ఆటగాళ్లు జారుతున్నారు. కాళ్లూ మోకాళ్లూ విరిగేదాకా ఎందుకని రిఫరీలు రెండో క్వార్టర్‌లో ఆపేశారు. మిగతా ఆట మర్నాడు ఆడారు. ఎన్‌బీఏ చరిత్రలో వాన ఆపిన తొలి ఆటగా అది రికార్డులకెక్కింది.

అంతకుముందు కొన్నేళ్లు సోనిక్స్ ఇక్కడ లేనే లేదు. 1978 నుంచి 1985 వరకు ఊళ్లోనే ఉన్న కింగ్‌డోమ్ అనే పెద్ద కాంక్రీటు గుమ్మటంలో ఆడింది. 1979లో ఎన్‌బీఏ టైటిల్ గెలిచిన ఏడాది కూడా సొంతగడ్డ అదే. తిరిగి కొలీజియానికి వచ్చిన మొదటి సీజన్‌లోనే ఈ వాన.

తొంభైల్లో నగరం గట్టి నిర్ణయమే తీసుకుంది. కూల్చలేదు. కప్పు ఆకారాన్ని అలాగే ఉంచి, నేలను వీధి మట్టానికి 35 అడుగుల కిందికి దించి, లోపల 17 వేల సీట్లు వేయించింది. ఖర్చు ఏడున్నర కోట్ల డాలర్లకు దగ్గర. 1995లో తలుపులు తెరిచేసరికి గుమ్మం మీద కొత్త పేరు: కీ అరీనా. కీ బ్యాంక్ డబ్బిచ్చి కొనుక్కున్న పేరది.

విజయవాడలో నగరపాలక సంస్థ ఇండోర్ స్టేడియానికి దండమూడి రాజగోపాలరావు పేరుంది. బరువులెత్తడంలో దేశానికి పేరు తెచ్చి, ‘నర్తనశాల’లో భీముడిగా గద పట్టిన మనిషి. అమెరికాలో ఆ గౌరవం చాలావరకు బ్యాంకులకూ బీమా కంపెనీలకూ దక్కుతుంది. పేరు అమ్మితే అప్పు తీరుతుంది, కాదనను. అయినా భీముడి పేరే బాగుంటుంది.

జట్టు వెళ్లిపోయిన ఏడాది

కొత్త కీ అరీనాకు మొదటి సీజన్ పండగే. 1996లో సోనిక్స్ ఫైనల్‌కు చేరి మైకేల్ జోర్డాన్ ఉన్న షికాగో బుల్స్‌తో తలపడింది. ఓడినా ఊరు మురిసింది. అయితే అప్పటికే ఆ వ్యాపారం లెక్కలు మారిపోతున్నాయి. స్టేడియం అంటే సీట్లు మాత్రమే కాదిక. ఆడే నేల అంతే అయినా, చుట్టూ ఖరీదైన ప్రత్యేక గదులు, రెస్టారెంట్లు, క్లబ్బులు ఎన్ని పట్టిస్తే ఆదాయం అంత. పాత కప్పు గీతకు లోబడి కట్టిన కీ అరీనాలో వాటికి చోటు లేదు. కూర్చుని చూడటానికి లక్షణంగా ఉంది. సంపాదించుకోవడానికే చాల్లేదు. పదేళ్లు తిరక్కుండానే ‘పాతబడింది’ అన్న మాట మొదలైంది.

2001లో స్టార్‌బక్స్ అధిపతి హోవర్డ్ షుల్జ్ బృందం జట్టును కొంది. అరీనాను పెంచడానికి 22 కోట్ల డాలర్ల ప్రజాధనం కావాలని అడిగింది. రాష్ట్ర చట్టసభ తల అడ్డంగా ఊపింది. 2006లో షుల్జ్ 35 కోట్ల డాలర్లకు జట్టును ఓక్లహోమా సిటీ వ్యాపారి క్లే బెనెట్ బృందానికి అమ్మేశారు. కొన్నవాళ్లు ఏ ఊరివాళ్లో చూస్తేనే కథ ఎటు పోతుందో అర్థమవుతుంది. ఆ బృందంలో ఒకరు ‘జట్టును సియాటెల్‌లో ఉంచడానికి కొనలేదు’ అన్న అర్థంలో ఓ పత్రికతో నోరు జారితే ఎన్‌బీఏ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. నిజం చెప్పినందుకు ఇంత జరిమానా కట్టినవాళ్లు అరుదు.

2006 నవంబరులోనే సియాటెల్ ఓటర్లు ఒక ప్రతిపాదన మీద తీర్పిచ్చారు. ఆటల ప్రాంగణాల మీద నగరం డబ్బు పెడితే దాని మీద న్యాయమైన లాభం రావాలి, లేదంటే పెట్టకూడదు. దాదాపు 74 శాతం మంది ఔనన్నారు. కోటీశ్వరుల ఆటకు మా పన్నులు ఎందుకన్నది వాళ్ల సూటి ప్రశ్న. ఇప్పుడు వెనక్కి చూస్తే, ఆ ఓటు వల్లే జట్టు పోయిందనేవాళ్లూ ఉన్నారు, ఆ ఓటు వల్లే తర్వాత మంచి బేరం కుదిరిందనేవాళ్లూ ఉన్నారు. నేను రెండో పక్షం. కాకపోతే ఆ బేరం కుదిరేదాకా ఊరు పదకొండేళ్లు కాచుకోవాల్సి వచ్చింది.

నగరం చేతిలో మిగిలిన ఆయుధం ఒక్కటే: లీజు కాగితం. 2010 దాకా కీ అరీనాలోనే ఆడతామని జట్టు రాసిచ్చింది. ఆ కాగితం పట్టుకుని నగరం కోర్టుకెక్కింది. 2008 జూన్‌లో వాదనలు ముగిశాయి. జులై 2న తీర్పు వెలువడే కొన్ని గంటల ముందు రాజీ కుదిరింది. నాలుగున్నర కోట్ల డాలర్లు తీసుకుని నగరం జట్టును వదులుకుంది. సోనిక్స్ పేరు, ఆకుపచ్చ-బంగారు రంగులు మాత్రం ఓక్లహోమాలో వాడకూడదని, భవిష్యత్తులో సియాటెల్‌కు జట్టు వస్తే వాటి మీద హక్కు దానిదేనని రాయించుకుంది. 41 సీజన్ల బంధం అలా తెగింది. ఆ ఏప్రిల్ 13న కీ అరీనాలో ఆడిన చివరి ఆటలో కెవిన్ డురాంట్ అనే పందొమ్మిదేళ్ల కొత్త కుర్రాడున్నాడు. అతన్నీ జట్టుతోపాటే పట్టుకుపోయారు.

లీజు తెచ్చిపెట్టింది డబ్బునే, జట్టును కాదు. స్టేడియం కట్టిన ప్రతి నగరమూ చదువుకోవాల్సిన కాగితం అది.

నలుగురు స్త్రీలు, కోటి డాలర్లు

ఈ గొడవలో చాలామంది చూడని మరో జట్టు ఉంది. బెనెట్ బృందం సోనిక్స్‌తోపాటు మహిళల బాస్కెట్‌బాల్ జట్టు సియాటెల్ స్టార్మ్‌నూ కొనేసింది. 2000లో మొదలై, 2004లో టైటిల్ గెలిచిన జట్టది. అదీ ఓక్లహోమా బండెక్కాల్సిందే. 2008 మొదట్లో నలుగురు సియాటెల్ స్త్రీలు ముందుకొచ్చి కోటి డాలర్లకు దాన్ని కొనుక్కున్నారు. వాళ్లలో లిసా బ్రమెల్ అప్పట్లో మైక్రోసాఫ్ట్ మానవ వనరుల విభాగాధిపతి. అంటే ఆ కంపెనీలో చేరిన మన తెలుగు పిల్లల్లో ఎందరి ఉద్యోగాలో ఆమె విభాగం గుండానే నడిచి ఉంటాయి.

మగవాళ్ల జట్టు 35 కోట్లకు అమ్ముడై ఊరు విడిచింది. కోటికి దక్కిన ఆడవాళ్ల జట్టు ఊళ్లోనే ఉండి 2010, 2018, 2020 టైటిళ్లు గెలిచింది. ఎన్‌బీఏ పోయిన దశాబ్దంలో కీ అరీనాను ‘తనది’ అని పిలుచుకున్న పెద్ద జట్టు స్టార్మ్ ఒక్కటే. 2022 ఆగస్టు 7న ఆ జట్టు దిగ్గజం స్యూ బర్డ్ సొంతగడ్డపై చివరి రెగ్యులర్ సీజన్ ఆట ఆడిన రోజు 18,100 మంది వచ్చారు. ఎవరి వల్ల ఆ కప్పు కింద దీపం ఆరలేదో ఆ సంఖ్యే చెబుతుంది.

మిగతా రోజుల్లో కచేరీలు జరిగాయి. 2014 నుంచి 2017 వరకు డోటా-2 అనే వీడియో గేము ప్రపంచ పోటీ ‘ది ఇంటర్నేషనల్’ అక్కడే జరిగింది. ఆ గేము తయారుచేసే వాల్వ్ కంపెనీ సరస్సుకు అవతలి బెల్‌వ్యూలోనే ఉంది. 2014లో ప్రైజుమనీ కోటి డాలర్లు దాటింది. స్టార్మ్ జట్టు మొత్తాన్నీ కొన్న డబ్బు ఒక వీడియో గేము బహుమతికి సమానమన్నమాట.

అదే 2014లో మరో సంగతి. సియాటెల్ సెంటర్, కౌంటీ, స్వచ్ఛంద సంస్థలు కలిసి కీ అరీనా నేల మీద ఉచిత వైద్య శిబిరం పెట్టాయి. బాస్కెట్‌బాల్ కోర్టుండే చోట వరసగా దంతవైద్యుల కుర్చీలు. పళ్లు, కళ్లు, సాధారణ వైద్యం. ఎవరు, ఏమిటి, బీమా ఉందా అని అడగరు. అమెరికాలో పన్ను పీకించుకోవడం ఎంత ఖరీదో అక్కడున్న మనవాళ్లనడిగితే చెబుతారు. వేలమంది వచ్చారు. తెల్లవారకముందే వరసలు కట్టారు. ఆ శిబిరం తర్వాత ఏటా జరిగే కార్యక్రమం అయింది. నగరానికి సొంత ప్రాంగణం ఎందుకన్న ప్రశ్నకు నాకు దొరికిన సమాధానాల్లో సోనిక్స్ కన్నా, బీటిల్స్ కన్నా ఇదే గట్టిది.

గాలిలో నిలబెట్టిన కప్పు

2016లో మరో వ్యాపారి ఊరి దక్షిణాన కొత్త అరీనా కడతానంటే, అందుకవసరమైన వీధిని వదులుకోవడానికి నగర మండలి 5-4 ఓట్లతో నిరాకరించింది. మరుసటేడు, అప్పట్లో టిమ్ లైవికీ నడిపిన ఓక్ వ్యూ గ్రూప్‌తో పాత కప్పు కిందే కొత్త ఒప్పందం కుదిరింది. అదే ఏడాది ఆ కట్టడాన్ని నగరం చారిత్రక సంపదగా ప్రకటించింది. ఇక కప్పును ముట్టుకోవడానికి వీల్లేదు. లోపల మాత్రం అంతా మారాలి.

2018 అక్టోబరు 5న కీ అరీనాలో ఆఖరి ఆట ఓ ఎన్‌బీఏ సన్నాహక మ్యాచ్. గోల్డెన్ స్టేట్ తరఫున వచ్చిన డురాంట్, పాత సోనిక్స్ ఆటగాడు షాన్ కెంప్ జెర్సీ తొడుక్కుని కోర్టులోకి నడిచాడు. పదేళ్ల కిందట తీసుకెళ్లిపోయిన కుర్రాడికి ఊరు చెవులు దద్దరిల్లేలా స్వాగతం చెప్పింది.

తర్వాత జరిగింది ఇంజినీర్లు కథలు కథలుగా చెప్పుకునే పని. ఆ కప్పు బరువు నాలుగు కోట్ల నలభై లక్షల పౌన్లు. మన లెక్కలో సుమారు 20 వేల టన్నులు. దాన్ని దించి పక్కన పెట్టే మాటే లేదు. తాత్కాలిక ఉక్కు స్తంభాల మీద ఎత్తిపట్టి, కింద ఉన్నదంతా కూల్చి, మట్టి తవ్వుతూ పోయారు. వీధి మట్టం నుంచి 53 అడుగుల లోతుకు. పాత స్తంభాలకు నేల ఆధారం పోయింది కాబట్టి, కొత్త పునాదులు లేచి బరువు అందుకునేదాకా కప్పు నిజంగానే గాలిలో ఉన్నట్టు లెక్క. భూకంపాల ప్రాంతం కూడాను. 1962 నాటి గాజు పలకలను ఊడదీసి, దాచి, తిరిగి బిగించారు. విస్తీర్ణం దాదాపు రెట్టింపైంది. అదంతా భూమి లోపలే. బయటి నుంచి చూసేవాడికి థైరీ గీసిన గీత చెక్కుచెదరలేదు.

60 కోట్ల డాలర్లతో అయిపోతుందన్న ఖర్చు చివరికి 115 కోట్ల డాలర్ల దాకా పాకింది. నగరం పన్నుల డబ్బు పెట్టలేదు. ‘అంతా ప్రైవేటు సొమ్మే’ అని కంపెనీ గర్వంగా చెప్పుకుంటుంది. చారిత్రక కట్టడాలకు కేంద్రం ఇచ్చే పన్ను రాయితీని ఆ గర్వంలో కాస్త తగ్గించుకోవాలి.

వానే మంచు అయింది

2018 మార్చిలో కొత్త హాకీ జట్టు కోసం టికెట్లకు డిపాజిట్ కట్టమంటే 12 నిమిషాల్లో పదివేల మంది కట్టారు. సియాటెల్‌కు హాకీ కొత్త కాదు. 1917లో మంచు హాకీలో పెద్ద ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలిచిన మొదటి అమెరికా జట్టు ఈ ఊరిదే. వాళ్లాడిన మంచు మైదానం ఆ తర్వాత కార్ల పార్కింగ్ అయిపోయింది. నూరేళ్ల తర్వాత 65 కోట్ల డాలర్ల ప్రవేశ రుసుముతో క్రాకెన్ జట్టు పుట్టింది. డిపాజిట్ కట్టిన 32 వేల మంది గౌరవార్థం 32వ నంబరు జెర్సీని ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశారు. 2021 అక్టోబరు 23న సొంతగడ్డ మీద తొలి ఆటలో వాంకూవర్ చేతిలో ఓడిపోయింది.

ఆ మంచు ఎక్కడిదో చెప్పుకోవాలి. కప్పు మీద పడిన వాననీటిని తొట్టెలోకి మళ్లించి, శుద్ధి చేసి, దాంతోనే మంచుకట్టిస్తారు. 1986లో ఆటను ఆపిన వానే ఇప్పుడు ఆటకు నేల. కాంక్రీటు పలకలో పరిచిన గొట్టాల్లోంచి చల్లటి ద్రవం ప్రవహిస్తుంది. పైన పొరలు పొరలుగా నీళ్లు చల్లుతూ పోతే అంగుళం, అంగుళంపావు మందాన మంచు తయారు. బాస్కెట్‌బాల్ ఉన్న రోజు దాన్ని కరిగించరు. వేడి దిగని పలకలు పరిచి, ఆ పైన చెక్క కోర్టును ముక్కలు ముక్కలుగా బిగిస్తారు. కచేరీ అయితే చెక్కకు బదులు వేదిక. లైట్లూ స్పీకర్లూ టన్నులకొద్దీ కప్పుకు వేలాడతాయి. సామాను లారీలు సొరంగంలోంచి భూగర్భంలోకే వస్తాయి. ఒకే నేల మీద రాత్రికి రాత్రి ఆట మారడం వెనక ఉన్నది కూలీల, లైట్లు వేలాడదీసే రిగ్గర్ల, ఫోర్క్‌లిఫ్టు డ్రైవర్ల చాకిరీ. టీవీలో వాళ్లు కనబడరు. కప్పు వాలుగా ఉంటుంది కాబట్టి స్కోరుబోర్డును నట్టనడుమ వేలాడదీయకుండా త్రికోణాకారంలో రెండు చేసి చెరో కొసన పెట్టారు.

పేరు హక్కులు కొన్న అమెజాన్ తన పేరు పెట్టుకోలేదు. తాను 2019లో మొదలుపెట్టిన పర్యావరణ ప్రతిజ్ఞ పేరు పెట్టింది: క్లైమేట్ ప్లెడ్జ్ అరీనా. వంట నుంచి వేడి దాకా అన్నీ కరెంటు మీదే, గ్యాసు లేదు. క్రాకెన్, స్టార్మ్ ఆటల టికెట్టుంటే సిటీ బస్సు, రైలు, 1962 నాటి మోనోరైలు ఉచితం. ఇవి మంచి పనులే. వేలాది డెలివరీ వ్యాన్లు, విమానాలు తిప్పే కంపెనీ గుమ్మం మీద వాతావరణం మాట రాసుకుంటే స్థానికులు నవ్వుకోవడమూ సహజమే. బోర్డు మీద తన పేరు లేకుండానే అమెజాన్ పేరు రోజూ తలుచుకునేలా చేసిన ప్రకటన ఇది.

ఇప్పుడు లెక్క ఎవరిది?

నేల నగరానిది, భవనం నగరానిది. 39 ఏళ్ల లీజు, ఎనిమిదేళ్ల చొప్పున రెండు పొడిగింపులు. అన్నీ కలిపితే 55 ఏళ్లు. కీ అరీనా మీద అంతకుముందు వచ్చే ఆదాయానికి తగ్గకుండా ఇస్తామని, రవాణాకు 4 కోట్ల డాలర్లు, స్థానిక సేవాకార్యక్రమాలకు 2 కోట్ల డాలర్లు ఇస్తామని ఓక్ వ్యూ గ్రూప్ రాసిచ్చింది. 2006 నాటి ఓటర్లు కోరింది ఇంచుమించు ఇదే. పన్నుడబ్బుతో స్టేడియాలు కట్టి జట్ల ముందు చేతులు కట్టుకునే అమెరికా నగరాల మధ్య ఇది మేలైన బేరమనే నా అభిప్రాయం.

మేలైన బేరానికీ ఓ ధర ఉంది. 115 కోట్లు పెట్టినవాడు ప్రతి రాత్రినీ డబ్బుగా చూడక తప్పదు. హాకీకి నలభైకి పైగా ఇంటి ఆటలు, స్టార్మ్‌కు ఇరవైకి పైగా, ఆపైన కచేరీలు. బోతెల్ నుంచో రెడ్‌మండ్ నుంచో తేలే వంతెన దాటి నలుగురి కుటుంబంతో క్రాకెన్ ఆటకు వచ్చే తెలుగు ఇంజినీరు పార్కింగు, పాప్‌కార్న్ కలిపి ఎంతయిందో ఇంట్లో నోరు విప్పి చెప్పడు. ఉచిత వైద్య శిబిరం ఇప్పటికీ నడుస్తోంది కానీ, అరీనాలో కాదు. సియాటెల్ సెంటర్‌లోని పక్క భవనాల్లోకి మారింది.

ఇక ఎన్‌బీఏ. సోనిక్స్ తిరిగొస్తుందన్న మాట ఏళ్లుగా ఊళ్లో నానుతోంది. ఆకుపచ్చ జెర్సీలు, సోనిక్స్ పుట్టక ముందు పుట్టినవాళ్ల దగ్గర్నుంచి అది పోయాక పుట్టినవాళ్ల దాకా అందరి ఒంటి మీదా కనిపిస్తాయి. ఈసారి అరీనా చిన్నదనో పాతదనో అనడానికి ఎవరికీ వీల్లేదు. వస్తే క్యాలెండర్‌లో మరో 41 రాత్రులు నిండుతాయి. పన్నుల రూపంలో నగరానికి ఇంకాస్త వస్తుంది. జట్టు మాత్రం మళ్లీ ఎవరో ఒక బృందానిదే అవుతుంది. వాళ్లతో ఎన్నేళ్లకు, ఏ షరతులతో కాగితం రాసుకుంటారు, మధ్యలో వెళ్తామంటే ఏం చేస్తారు? బ్యానర్లు కుట్టించే ముందు సియాటెల్ అడగాల్సిన ప్రశ్న ఇది. 2008 నాటి రాజీ మరిచిపోయేది కాదు.